మోతగాడి తిండి

తిండి తగ్గిస్తే చెయ్యి కూడా తగ్గుతుందనుకుంది గరిటమ్మ. ఆ తప్పుకి కోడలి చిటికెన వేలు విరిగింది.

కొడుక్కి పెట్టేదాంట్లో సగం కోసేసి అప్పటికి రెండు మూడు రోజులే అయింది. మాంసం ముక్కల బదులు ఉడికించిన దుంపలు, రొట్టెల దొంతరలో పైన రెండు మాత్రమే, కొవ్వు అసలు లేదు. మనిషి నీరసపడతాడు, నీరసపడితే పడుకుంటాడు, పడుకుంటే ఇంట్లో నిమ్మళంగా ఉంటుందని ఆవిడ ఆలోచన. ఆ మధ్యాహ్నం వాడు కంచంలోకి చూశాడు, తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు.

"నా ముక్కలు నువ్వు మింగావా?" అన్నాడు.

ఆమె లేదనే లోపే చెయ్యి పట్టుకుని, చిటికెన వేలిని ఎండుపుల్లలా వెనక్కి విరిచాడు. ఆ చప్పుడు పొయ్యి దగ్గరున్న గరిటమ్మకి వినపడింది. కోడలు అరవలేదు. అరిస్తే ఇంకోటి పడుతుందని ఎప్పుడో నేర్చుకుంది. నోట్లో కొంగు కుక్కుకుని గోడవారగా కూలబడింది.

ఆకలి ఒంట్లో బలాన్ని తియ్యాలంటే నెలలు పడుతుంది, బుద్ధిని తియ్యాలంటే ఒక్క పూట చాలు. ఈ ముక్క గరిటమ్మకి తెలియంది కాదు. తెలిసీ మరిచిపోయింది, కన్నకొడుకు కాబట్టి.

ఆవిడ పనే తిండి పెట్టడం. కబేళాలో మోతగాళ్ళకి వండేది. కోత హాల్లో నిలువునా చీల్చిన పశువుని సగం సగంగా భుజానికెత్తుకుని చల్లగదికి, అక్కణ్ణుంచి లారీకి మోసేవాళ్ళు మోతగాళ్ళు. భుజమ్మీద చల్లటి మాంసం, కాళ్ళకింద నెత్తురూ రంపప్పొట్టూ. అందరికీ ఒకటే కొలత పెట్టేది కాదావిడ. కంచం పట్టుకుని వరసలో వచ్చినవాడి మెడకింద, అడ్డ ఎముక పైన ఉండే గుంటలో రెండు వేళ్ళు పెట్టి చూసేది. గుంట లోతుగా ఉంటే ఇంకో గరిట, పూడుకుని ఉంటే ఒకటి తక్కువ. అందుకే గరిటమ్మ అని పేరు పడింది. కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏంటమ్మా, కోణ్ణి కొనేదానిలా పిసుకుతున్నావ్?"

"కోడివైతే నిన్నెవడు కొంటాడ్రా, ఈకలు పీకితే ఏం మిగల్దు. తిను," అనేది.

కొడుక్కి ముగ్గురి తిండి పెట్టేది. పెట్టినా గుంట పూడేది కాదు. పొయ్యిలో వేసిన కట్టె పొయ్యిలోనే కాలిపోయినట్టు, పొద్దున లోపలికెళ్ళింది మధ్యాహ్నానికల్లా చెమటై కారిపోయేది. అప్పట్లో వాణ్ణి దూలం అనేవాళ్ళు. ఇద్దరు మోసేది ఒక్కడే ఎత్తుకునేవాడు. వాడు తింటుంటే చూడటం ఆవిడకి పండగలా ఉండేది. ఇంట్లో మాత్రం అప్పుడూ చెయ్యి చేసుకునేవాడు. కానీ అలిసిపోయి వచ్చేవాడు కాబట్టి, ఒక దెబ్బ వేసి నిద్రపోయేవాడు. ఒక దెబ్బ మీద సంసారం నడిచిపోతుందని ఆవిడా సరిపెట్టుకుంది, సిగ్గులేకుండా.

తర్వాత కప్పుకి ఇనప పట్టాలొచ్చాయి. కొక్కేనికి తగిలించి వేలితో నెడితే, ఎంత బరువైనా చక్రాల మీద దానంతటదే పోతుంది. మోతగాళ్ళలో చాలామందిని ఇంటికి పంపేశారు. దూలాన్ని పంపడానికి మేస్త్రికి ధైర్యం చాల్లేదు. పట్టాల గేటు దగ్గర పీటేసి, మీట లాగే పని ఇచ్చాడు. పని పోయింది, ఆకలి పోలేదు. అదే ముగ్గురి తిండి, కూర్చున్న ఒంటికి. మెడకింద గుంట పూడింది, మెడే పూడింది, పొట్ట ఒళ్ళోకి దిగింది.

"ఏరా దూలం, గేటుకి నువ్వు కాపలానా, నీకు గేటు కాపలానా?" అన్నాడు మేస్త్రి ఒకసారి, దూరంగా నిలబడే.

మేస్త్రి కాబట్టి ఊరుకున్నాడు. ఇంకోసారి ఒక కుర్ర కసాయి, వెనకనుంచి "బస్తా, పక్కకి జరుగు" అన్నాడు. వాడు లేచి, గోడకున్న కొక్కెం తీసి, దాని పిడితో ఆ కుర్రాడి నోటిమీద కొట్టాడు. పళ్ళు రంపప్పొట్టులో పడ్డాయి. కుర్రాడు వాటిని ఏరుకుంటూ ఏడుస్తుంటే వీడు మళ్ళీ పీట మీద కూర్చుని మీట లాగాడు. ఆ తర్వాత ఎవరూ ముఖమ్మీద బస్తా అనలేదు. అనకుండా చూసేవాళ్ళు. ఆ చూపులన్నీ మూటకట్టుకుని వాడు ఇంటికి తెచ్చేవాడు. ఇప్పుడు అలసట లేదు. ఒక దెబ్బతో ఆగేది కాదు.

కోడలు బట్టలుతికే లాండ్రీలో పనిచేసేది. గలగలా మాట్లాడే పిల్ల. పని మాన్పించాడు. ఒకసారి పారిపోయింది, వీధి మలుపు దాకా. జుట్టు పట్టుకుని వీధంతా ఈడ్చుకొచ్చి, నాలుగంతస్తులూ మెట్లమీదే లాగాడు. ఒక్కో అంతస్తులో ఒక్కో తలుపు తెరుచుకుని, చూసి, మూసుకుంది. మర్నాడొచ్చిన పోలీసు కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగి, "మొగుడూ పెళ్ళాలన్నాక" అని మీసం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి తలుపుకి తాళం. తాళంచెవి తాడుకట్టి వాడి మెడలో. పొద్దున తల్లీకొడుకులు పనికెళ్ళేటప్పుడు బయట తాళం పడుతుంది, మధ్యాహ్నం వాళ్ళొస్తేనే తెరుచుకుంటుంది. దానితోపాటు ఆ పిల్ల తిండీ కోశాడు. రోజుకి ఒక గిన్నె గంజి.

"గుర్రానికి దాణా తగ్గిస్తే గొళ్ళెం అక్కర్లేదే అమ్మా. నువ్వే కదా చెప్పేదానివి, తిన్నవాడే మోస్తాడని. తిన్నదే పరిగెడుతుంది," అనేవాడు, ఆమె ఎదురుగానే ఎముక చప్పరిస్తూ.

తల్లి దగ్గర నేర్చుకున్న విద్య అది. దాన్ని పెళ్ళాం మీదికి తిప్పాడు.

వేలు విరిగిన కొన్నాళ్ళకి ఒకరోజు గరిటమ్మ వాడి వెనకాల మెట్లెక్కుతూ గమనించింది. రెండో అంతస్తులో ఆగాడు. మూడో అంతస్తులో గోడ పట్టుకుని ఆగాడు. పైకొచ్చి తాళం తీసి, తలుపు మూయకుండానే పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. తల వేలాడేశాడు. కొలిమితిత్తిలా ఊపిరి. గ్లాసుడు నీళ్ళు తాగేంతసేపు వాడు ఈ లోకంలో లేడు. అంతసేపూ తలుపు బార్లా తెరిచి ఉంది.

వాణ్ణి తగ్గించడం కాదు, పెంచాలి అనుకుంది ఆవిడ. 

మధ్యాహ్నం తిని వాడు గుర్రుపెడుతుంటే, అంట్లు తోమే చప్పుడు చాటున కోడలికి చెప్పింది. కోడలు నమ్మలేదు.

"అత్తా, నీ కొడుక్కి నెయ్యి పోసి, నన్ను పరిగెత్తమంటావా? ఇది లేడిని తప్పించుకొమ్మని చెప్పి పులిని మేపినట్టుంది."

"మేపిన పులి మెట్లెక్కలేదే పిల్లా."

"నేను మాత్రం పరిగెత్తగలనా? ఈ గిన్నె ఎత్తితేనే కళ్ళు తిరుగుతున్నాయి."

"నీ సంగతీ చూస్తాను. ముందు కాళ్ళకి కండ రావాలి. మేము పనికెళ్ళాక ఆ స్టూలు ఎక్కు, దిగు. నీళ్ళ బకెట్ పట్టుకుని ఎక్కు, దిగు."

"ఎక్కి దిగి, మా అక్క ఊరికి బస్సెక్కమంటావ్."

"అంటాను. మీ అక్క నిన్ను చూసి తలుపు మూస్తుందా?"

కోడలు తోమిన గిన్నె బోర్లించింది. "మా అక్క తలుపు మూసే మనిషి కాదు," అంది.

అక్కడ ఇంకో తప్పు చేసింది గరిటమ్మ. తొందరలో తిండికంటే ముందు పని చెప్పింది. ఏ మోతగాడికీ అలా చెప్పి ఉండదు. ఖాళీ కడుపుతో స్టూలెక్కి దిగిన పిల్ల మూడోనాడు బకెట్‌తో సహా పడిపోయింది. వీళ్ళొచ్చేసరికి నీళ్ళలో పడి ఉంది. వాడు ఎప్పట్లా కూలబడకుండా నేరుగా వెళ్ళి, "నటిస్తోంది" అని పక్కటెముకల్లో తన్నాడు. లేచేదాకా తన్నాడు. గరిటమ్మ అడ్డం పడితే చెంపమీద ఒకటి తగిలి చెవిలో గుయ్యిమంది. తన్నుతూ తన్నుతూ వాడికే ఆయాసమొచ్చి ఆపాడు. ఆయాసం రాకపోతే ఆపేవాడు కాదని ఆవిడకి అర్థమైంది.

అప్పటినుంచి పద్ధతిగా సాగింది. కబేళాలో ఎముకలకి కొదవేముంది. పెద్ద తొడ ఎముకలు చీల్చి లోపలి మూలుగ తీసి, గుడ్డు కలిపి గిలకొట్టి, డబ్బాలో పోసి నడుముకి కట్టుకుని తెచ్చేది. గంజిలో కలిపితే కాస్త తెల్లగా కనపడేది, అంతే. వాడు రోజూ గిన్నెలోకి తొంగి చూసేవాడు. పలచటి గంజి. తల ఊపి వదిలేసేవాడు. వాడి కంచంలో మాత్రం కొవ్వులో వేగిన ముక్కలు, వెన్న రాసిన రొట్టెలు, పైన తీపి. "ఇంకోటి వేసుకోరా, ఇంకోటి," అని తల్లి కొసరి వడ్డిస్తుంటే వాడి కళ్ళు చెమర్చాయొకరోజు.

"నువ్వొక్కదానివే అమ్మా నన్ను మనిషిగా చూసేది," అన్నాడు.

ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు.

కోడలి గుంట మెల్లగా పూడింది. వేళ్ళు పెట్టి చూసినప్పుడల్లా, లోపల నరం కొట్టుకోవడం ఇంకాస్త లోతుగా తగిలేది. పిక్కలు గట్టిపడ్డాయి. ఒకరోజు బకెట్ ఒంటిచేత్తో ఎత్తి, "అత్తా, నన్ను మోతకి తీసుకెళ్తావా మీ కబేళాకి," అని నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ నవ్వు. గరిటమ్మకి నవ్వు రాలేదు. ఆ పిల్ల నవ్వినకొద్దీ వెళ్ళిపోయే రోజు దగ్గరపడుతున్నట్టుండేది. చెప్పి వెళ్ళినవాళ్ళూ, చెప్పకుండా వెళ్ళినవాళ్ళూ, ఆవిడ బతుకులో ఎవరూ తిరిగి రాలేదు.

నవ్వొక్కటే కాదు, కండా దాగదు. ఒక మధ్యాహ్నం కంచం అందిస్తున్న పెళ్ళాం మోచేతిని వాడు పట్టుకున్నాడు. కొట్టడానికి కాదు, ఊరికే. పట్టుకున్నవాడు వదల్లేదు. వేళ్ళతో నొక్కి చూశాడు. పైకి జరిపాడు, భుజం నొక్కాడు. తర్వాత రెండు వేళ్ళు ఆమె మెడకింద గుంటలో పెట్టాడు. చిన్నప్పటినుంచీ తల్లి చెయ్యగా చూసినవాడే.

"గంజికి ఇంత కండ పట్టిందా?" అన్నాడు మెల్లగా.

 వాడు గంజిగిన్నె తీసుకుని వేలు ముంచి నాకాడు. మూలుగ రుచి తెలియని నాలుకా అది. లేచి, పొయ్యిమీద కుతకుతలాడుతున్న గంజి తపేలా గుడ్డతో పట్టుకుని తల్లి దగ్గరికొచ్చాడు.

"చెయ్యి చాపు."

"ఒరేయ్…"

"గరిట పట్టే చెయ్యి చాపమ్మా."

ఆవిడ చాపలేదు. వాడే లాగి పోశాడు. మోచేతినుంచి మణికట్టు దాకా చర్మం తెల్లగా లేచి, గంజితోపాటు జారింది. కోడలు మీదపడి తపేలా లాగబోతే దాంతోనే నుదుటిమీద కొట్టాడు. నెత్తురు కళ్ళలోకి కారింది.

"రేపట్నుంచి దీనికి తిండి నేను పెడతా," అన్నాడు, కూర్చుని రొట్టె తుంచుకుంటూ. "ఎప్పుడు పెట్టాలో నాకు తెలుసు."

ఇక ఆగితే పెట్టిన తిండంతా నీళ్ళపాలు. వారం రోజులు పస్తుంటే ఆ పిక్కలు మళ్ళీ పుల్లలవుతాయి. వాడు నిద్రపోయాక, కాలిన చేతికి తడిగుడ్డ చుడుతున్న కోడలి చెవిలో గరిటమ్మ ఒకటే చెప్పింది. "రేపే. తలుపు వెనక నిలబడు. వాడు కూర్చోగానే కిందికి. వెనక్కి చూడకు. నా కోసం అసలే చూడకు."

మర్నాడు కబేళాలో వాడికి ఎప్పుడూ పెట్టనంత పెట్టింది, ఎడమచేత్తో. కోపం ఉన్నా కంచం వద్దనలేదు వాడు. ఇంటికొచ్చేటప్పుడు మొదటి అంతస్తులోనే ఆగాడు. మూడో అంతస్తుకొచ్చేసరికి ముఖం నల్లబడింది. తాళంచెవి కన్నంలో పెట్టడానికి తడబడ్డాడు. తలుపు తెరిచాడు, స్టూలు మీద పడ్డాడు, తల వేలాడేశాడు.

కోడలు తలుపు వెనకనుంచి గాలిలా వచ్చింది. గరిటమ్మ పక్కకి తప్పుకుంది. ఒక్క క్షణం ఇద్దరి భుజాలూ రాసుకున్నాయి. అంతే, ఆమె మెట్ల మీదుంది.

వాడు తలెత్తాడు.

ఇక్కడే గరిటమ్మ లెక్క తప్పింది. ఇన్నాళ్ళూ వాడు ఎక్కడమే చూసిందావిడ, దిగడం ఆలోచించలేదు. ఎక్కేటప్పుడు ఒంటి బరువుని ఒళ్ళే మొయ్యాలి. దిగేటప్పుడు ఆ బరువే మనిషిని మోసుకుపోతుంది. ఊపిరి అక్కర్లేదు, కండ అక్కర్లేదు. వాడు లేచి గుమ్మం దాటి, మెట్ల మీదికి తనని తాను వదిలేశాడు. పట్టా మీద వాలులో వదిలిన మాంసంలా పోయాడు. గోడకి గుద్దుకుంటూ, కమ్మీకి గుద్దుకుంటూ, అడ్డొచ్చిన తల్లిని చీపురుపుల్లలా నెట్టేసి, రెండు అంతస్తుల కింద మలుపు దగ్గర ఆ పిల్ల వీపుమీద మొత్తం బరువుతో పడ్డాడు.

ఇద్దరూ కలిసి దొర్లారు. దొర్లి ఆగేసరికి వాడు కింది మెట్టుమీద, ఆమె పైమెట్టుమీద. జుట్టు పట్టుకుని ఆమె తలని మెట్టు అంచుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నిన్నటి గాయం విప్పుకుంది. గరిటమ్మ కూర్చుని పాక్కుంటూ దిగింది, లేచి నడిచే ఓపిక లేక. దిగి, జుట్టు పట్టుకున్న వాడి మణికట్టుని పళ్ళతో పట్టుకుంది. మిగిలిన పళ్ళు కొన్నే, అవన్నీ దించింది. వాడి నెత్తురు నోట్లోకొచ్చింది. అది ఏ నెత్తురో తెలుసు, అయినా వదల్లేదు.

వాడి వేళ్ళు విడిపోయాయి.

"కిందికి పో," అంది గరిటమ్మ, నోట్లో వాడి మణికట్టు ఉండగానే.

కోడలు కిందికి చూసింది. కింద వాడున్నాడు, మెట్ల వెడల్పంతా వాడే. పైకి చూసింది. తిరిగి పైకి పరిగెత్తింది.

బస్టాండు కింద ఉంది కాబట్టి దారి కిందికే అనుకుంది గరిటమ్మ. పైనేముంది, పారిపోయి వచ్చిన ఇల్లు, ఆ పైన డాబా. ఆ పిల్ల మాత్రం రెండేసి మెట్లు ఎక్కుతోంది, బకెట్ కూడా లేకుండా. తమ గుమ్మం దాటి పైకి పోయింది. పెళ్ళైన కొత్తలో ఆ డాబా మీదే తడిబట్టలు ఆరేసింది. పక్కింటి డాబాకీ దీనికీ మధ్య మోకాలెత్తు పిట్టగోడే అని ఆమెకి తెలుసు, ఎప్పుడూ పైకెళ్ళని అత్తకి తెలియదు.

వాడు లేచాడు. గరిటమ్మ వాడి చీలమండ పట్టుకుంది. కాలు విదిలించాడు, వదల్లేదు. ఆవిడ వేళ్ళమీద రెండోకాలు పెట్టి నిలబడ్డాడు. అంత బరువూ నిలబడింది. ఏదో నలిగింది, తర్వాత ఆ చెయ్యి తనది కాదన్నట్టయింది. వాడు ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక అంతస్తు ఎక్కాడు. రెండోది సగం ఎక్కాడు. కమ్మీ పట్టుకున్నాడు. కూర్చున్నాడు. పైనెక్కడో డాబా తలుపు ధడాలున గోడకి కొట్టుకుంది.

గరిటమ్మ ఒక్కో మెట్టూ పట్టుకుని వాడి దాకా వచ్చింది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. మెడలో తాళంచెవి ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది.

"పైకి పొమ్మని… నువ్వే చెప్పావా?" అన్నాడు.

"లేదురా. నేను కిందికే చెప్పాను."

"నీళ్ళు."

ఇల్లు అరంతస్తు పైనే ఉంది, తలుపు తెరిచే ఉంది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది. కాలిన చెయ్యి ఒకటి, నలిగిన చెయ్యి ఒకటి. రెంటినీ ఒళ్ళో పెట్టుకుంది.

"తెస్తావా లేదా, ముసలీ?" వాడి గొంతు గట్టిపడుతోంది. ఊపిరి తిరిగొస్తోంది. "దాని సంగతి తర్వాత. ఇవాళ నీ పని చెప్తా."

ఆవిడ వాణ్ణి దాటుకుని పైకి నడిచింది. అందుకుందామని చెయ్యి చాపాడు, చీర అంచు జారిపోయింది. డాబా మీద ఎండ కళ్ళలో పొడిచింది. ఎవరూ లేరు. పిట్టగోడమీద నెత్తుటి అరచేతి ముద్ర. దానికవతల ఇంకో డాబా, ఆ పక్కన తెరిచిన తలుపు. గోడ దగ్గరికెళ్ళి వీధిలోకి వంగి చూసింది.

పక్కవీధి చివర ఒక మనిషి పరిగెత్తుతోంది. తల చుట్టూ కొంగు బిగించుకుంది. జనం తప్పుకుంటున్నారు. ఆయాసపడటం లేదు, ఎక్కడా ఆగడం లేదు, వెనక్కి తిరగడం లేదు. వెనక్కి చూడొద్దని తానే చెప్పింది. చెప్పినందుకు కోపమొచ్చింది ఆవిడకి తనమీద తనకే. మలుపు తిరిగాక ఆ మనిషి కనపడలేదు.

వెనక మెట్లమీద అడుగులు మొదలయ్యాయి. ఒకటి, ఆగి, ఇంకొకటి. గరిటమ్మ డాబా తలుపు దగ్గరికొచ్చి భుజంతో మూసింది. గడియ ఇటువైపే ఉంది. వేళ్ళు పనిచెయ్యలేదు. మోచేతితో నెట్టి, చర్మం లేచిన చోటే ఆనించి, ఇనప గడియ చివరిదాకా తోసింది.

తలుపుమీద మొదటి దెబ్బ పడింది. చెక్క అదిరి సున్నం రాలింది. మంచి దెబ్బ. అలాంటి దెబ్బకి ఎన్నేళ్ళ తిండి కావాలో ఆవిడకి తెలుసు. ఎవరు పెట్టారో కూడా తెలుసు. ఇంకోటి పడేలోపు చీర మోకాళ్ళ దాకా ఎగదోసుకుని, పక్కింటి డాబా వైపు పిట్టగోడ మీదికి ఒక కాలు వేసింది.